పరీక్ష చేయకుండా రాసిన పదకొండు సంఖ్యలు

దయ్యాలున్నాయని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. మా నాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. చీకట్లో భయపడాల్సింది తెగి కిందపడిన తీగకు మాత్రమే అని చెప్పి పెంచాడు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు అయ్యాక మొదటి రెండేళ్ళు నేను పనిచేసిన గదికి, శవాలు ఉంచే గదికి మధ్య ఒకటే గోడ. మధ్యాహ్నం ఆ గోడకు ఆనుకునే అన్నం తినేదాన్ని. ఎవరైనా ఏదో కనబడిందని చెబితే, ముందు మీ కళ్ళు చూపించుకోండి అనేదాన్ని.

ఇప్పుడు నేను చెప్పేదాంట్లో కూడా దయ్యమేమీ లేదు. తెల్లచీర లేదు, అడుగుల చప్పుడు లేదు. ఉన్నవి కొన్ని అంకెలు, నేను చేసిన ఒక తప్పు. ఇన్నాళ్ళూ దీన్ని రాయకుండా ఆపింది భయం కాదు, సిగ్గు.

నేను అనంతపురంలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. దాని పేరు రాయను. తప్పు ఆసుపత్రిది కాదు, నాది. రోగుల పేర్లు కూడా మార్చాను.

నా పని హెచ్ఐవి ఉన్నవాళ్ళకు సీడీ ఫోర్ పరీక్ష చేయడం. మన రక్తంలో రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాల మీద ఆ పేరుగల ప్రొటీన్ ఉంటుంది. వైరస్ ఆ ప్రొటీన్‌నే పట్టుకొని కణంలోకి దూరుతుంది. అందుకే రోగం ముదిరేకొద్దీ ఆ కణాలు తగ్గిపోతాయి. అవి ఎన్ని మిగిలాయో చూడటానికి, మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీ మందును రక్తంలో కలుపుతాం. అది ఆ ప్రొటీన్ ఉన్న కణాలకే అతుక్కుంటుంది. అరగంట చీకట్లో ఉంచి యంత్రానికి అందిస్తే కణాలు ఒక్కొక్కటిగా లేజర్ వెలుతురు ముందు నుంచి వెళ్తాయి. మెరిసినవాటిని యంత్రం లెక్కపెడుతుంది. ఐదువందల పైన ఉంటే పరవాలేదు. రెండువందల లోపు పడితే డాక్టరు వెంటనే క్షయ, మెదడు జ్వరంలాంటివి ఉన్నాయేమో వెతుకుతాడు.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి, తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి. ఒకే ట్యూబులోని రక్తాన్ని పది నిమిషాల తేడాతో రెండుసార్లు పెట్టినా సంఖ్య సరిగ్గా ఒకటే రాదు. నాలుగువందలు ఒకసారి మూడువందల తొంభై అవుతుంది, ఇంకోసారి నాలుగువందల పదిహేను అవుతుంది. మనిషి ఎండలో నడిచివచ్చినా, జలుబు చేసినా మారుతుంది. ఈ పని చేసేవాళ్ళందరికీ ఇది తెలుసు.

అది మే నెల. శనివారం మధ్యాహ్నం చివరి రెండు శాంపిళ్ళు చేశాక, యాంటీబాడీ మందు సీసాలున్న పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాను. ఆదివారం సెలవు. మూసిన గది, ఏసీ లేదు, బయట నిప్పుల ఎండ. సోమవారం ఉదయం వచ్చి తలుపు తీస్తే పెట్టె బల్ల మీదే ఉంది. సీసా చేతిలోకి తీసుకుంటే కాచిన నీళ్ళ గిన్నెలా వెచ్చగా తగిలింది.

అప్పటికే వరండాలో పదకొండు మంది కూర్చొని ఉన్నారు. మందు పనిచేస్తుందో లేదో ముందు సరిచూసుకోవాలి, అది పద్ధతి. నేను ముందు రక్తం తీశాను. లోపల ఎక్కడో, పాడై ఉండదులే అనుకుంటున్నాను.

పదకొండో మనిషి హనుమక్క. కళ్యాణదుర్గం వైపు ఊరు. నలభై ఐదేళ్ళుంటాయి. విత్తనానికి శెనక్కాయలు ఒలిచే కూలికి పోతుంది. బొటనవేళ్ళ చర్మం కాయలు కాచి పలకబారి ఉంది. మాకు కొత్త మనిషి, అదే మొదటి పరీక్ష. నీళ్ళు తాగకుండా బస్సులో వచ్చిందేమో నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చాను, రాలేదు. మూడోసారి గుచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమ్మా, నీకు సూది గుచ్చేది వస్తాదా, రాదా? రాకుంటే చెప్పు, ఆ సూది ఇట్లియ్యి, నేనే గుచ్చుకుంటా. మా ఊర్లో గొర్లకు సూదేసేవాడు నీకన్నా బాగా ఏస్తాడు" అంది.

వరండాలో అందరూ నవ్వారు. పక్క బల్ల మీద మలేరియా పరీక్షలు చేసే షమీమ్ కూడా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. నాలుగోసారికి రక్తం వచ్చింది. ఆమె దూది నొక్కుకుంటూ, "ఇంగ పోతాండా, మళ్ళీ పిలవద్దు నన్ను" అని వెళ్ళిపోయింది.

తర్వాత మందును కంట్రోల్ రక్తంతో సరిచూశాను. కంట్రోల్ అంటే సంఖ్య ముందే తెలిసిన రక్తం. ఉండాల్సినదాంట్లో సగం కూడా చూపించలేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. మందు చచ్చిపోయింది. మా దగ్గర వేరే పెట్టె లేదు. కొత్తది రావడానికి రెండు వారాలు పడుతుంది.

చేయాల్సింది చాలా తేలిక. డాక్టరు గారి గదికి వెళ్ళి, సార్, మందు బయట మరిచిపోయాను అని చెప్పడం. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలలోనే దాన్ని మళ్ళీ ఏడాదికి పొడిగించాలి. అంతకుముందు ఏడాది ఒకసారి శాంపిళ్ళు గడ్డకట్టించి మెమో తీసుకున్నాను. ఇవన్నీ కారణాలుగా చెప్పుకోవచ్చు. నిజమేమిటంటే, ఆయన ముందు నిలబడి తల దించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

సాయంత్రం నాలుగింటికి రిజిస్టర్ తెరిచాను. మా యంత్రం ప్రింటర్ పాడై చాన్నాళ్ళయింది. సంఖ్యను తెర మీద చూసి చేత్తోనే రాసేవాళ్ళం. ఆ రోజు తెర చూడకుండా రాశాను. పాతవాళ్ళకు కిందటిసారి వచ్చిన సంఖ్య చూసి, కొంచెం కలిపో తీసో వేశాను. పామిడి నుంచి వచ్చే ఆటో డ్రైవరుకు కిందటిసారి 389 ఉంటే 412 రాశాను. అలా పదిమందికి అయిపోయింది.

హనుమక్కకు పాత సంఖ్య లేదు. పేజీ మొత్తం మీద అందరికీ రెండువందలు దాటిన సంఖ్యలే పడ్డాయి. పదకొండు మందిలో ఒక్కరికైనా బాగా తక్కువ రాకపోతే డాక్టరుకు అనుమానం వస్తుందనిపించింది. ఎవరికి తక్కువ రాయాలి అని ఆలోచించాల్సిన పని లేకపోయింది. నా చెయ్యి ఆమె పేరు ఎదుట 43 అని వేసింది.

కసితోనే వేశాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

యంత్రంలో ఉన్న చెడిన కంట్రోల్ రీడింగులను చెరిపేశాను. పాడైన మందును సింకులో పోశాను. కొత్త మందు కావాలని, ఉన్నది అయిపోవచ్చిందని కాగితం పెట్టాను.

ఆ రెండు వారాలూ ఎవరు వరండాలో దగ్గినా పని ఆపి తలుపు వైపు చూసేదాన్ని. నాలుగో రోజున హనుమక్క మళ్ళీ వచ్చింది. 43 చూసి డాక్టరు గారే ఫోన్ చేయించి పిలిపించారట. ఆమెను ఎక్స్‌రేకు పంపారు, కళ్ళె పరీక్షకు పంపారు. దగ్గు లేదు, జ్వరం లేదు. మనిషి కొంచెం సన్నబడింది అంతే, అది ఎండాకాలం పనివల్ల అనుకుంది. పరీక్షల్లో క్షయ బయటపడింది. ఊపిరితిత్తులతోపాటు పొట్టలో కూడా గడ్డలున్నాయన్నారు. వార్డులో చేర్చుకున్నారు.

అది విన్నప్పుడు, సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు మొదట కలిగింది ఊరట. నేను వేసిన సంఖ్య ఎవరికీ అనుమానం రాకుండా సరిపోయింది కదా అని.

కొత్త మందు వచ్చింది. కంట్రోల్ రెండుసార్లు పెట్టాను, సరిగ్గా ఉంది. పదిమందికీ ఫోన్ చేసి, మీ శాంపిల్ గడ్డకట్టింది, ఇంకోసారి ఇవ్వాలి అని అబద్ధం చెప్పాను. నిజమైన సంఖ్యలు వచ్చాక రిజిస్టర్‌లో దిద్దుకుందామని నా ఆలోచన. ఒకతను పనికోసం బెంగళూరు పోయాడు, రాలేదు. మిగతా తొమ్మిదిమంది మూడు నాలుగు రోజుల్లో వచ్చారు.

మొదట ఆటో డ్రైవరు. తెర మీద 412 వచ్చింది.

అప్పుడప్పుడు అలా తగులుతుందిలే అనుకున్నాను. అదే ట్యూబును మళ్ళీ పెడితే 398 వచ్చింది. యంత్రం బాగానే ఉంది, ఎప్పటిలాగే అటూఇటూ ఊగుతోంది. రెండో మనిషికి 287 రాశాను. మొదటిసారి పెడితే 287 వచ్చింది. రెండోసారి 301. మూడో మనిషికీ అంతే. ప్రతి ఒక్కరికీ మొదటిసారి వచ్చిన సంఖ్య నేను రిజిస్టర్‌లో రాసినదే. రెండోసారికి మాత్రం మారేది. తెరను నా ఫోనులో ఫోటోలు తీసుకున్నాను. అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఆరో మనిషికి తెర మీద 350 వచ్చింది. ఆమెకు నేను 530 రాసినట్టు బాగా గుర్తు. హమ్మయ్య, ఒకటి తప్పింది అనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, నీళ్ళు తాగి, రిజిస్టర్ తెరిచాను. అక్కడ 350 అని ఉంది. ఆ రోజు తొందరలో అంకెలు తిరగేసి రాసుకున్నాను. నా రాతే, నా పెన్నే.

ఆమె బయటే ఉంది. మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అక్కా అని అడిగాను. మొదట అవునంది. తర్వాత తల వంచుకొని, ఇంట్లో చుట్టాలుంటే డబ్బా బయటికి తీయలేక రెండు నెలలుగా మానేశానంది. అంటే సంఖ్య పడిపోవడానికి కారణం ఉంది. ప్రతిదానికీ కారణం ఉంది. నేను రాసిన అంకెలకే లేదు.

తొమ్మిది అయ్యాక, యంత్రంలో ఏదో లోపముందని చెప్పి ఇంజనీరును పిలిపించాను. ఒక పూటంతా విప్పి చూసి, శుభ్రం చేసి, పాత రీడింగులన్నీ తుడిచేసి, "ఏమీ లేదు మేడం, బాగుంది" అని వెళ్ళిపోయాడు.

ఇక హనుమక్క మిగిలింది. ఆమె వార్డులోనే ఉంది. ఆమె రక్తాన్ని నా చేతులతో పెట్టే ధైర్యం లేకపోయింది. షమీమ్‌కు ఆ యంత్రం పని వచ్చు, నేను సెలవులో ఉంటే తనే చూసుకునేది. నాకు తలనొప్పిగా ఉంది, ఈ ఒక్క శాంపిల్ నువ్వు చెయ్యి అన్నాను. రిజిస్టర్ నా బీరువాలో పెట్టి తాళం వేశాను. షమీమ్‌కు ఆ రోజు సంగతేమీ తెలియదు.

నేను బయట కుళాయి దగ్గర నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. కుళాయిలో నీళ్ళు రావడం లేదు. కిటికీలోంచి షమీమ్ గొంతు వినబడింది.

"యాడుండావే? ఈ యమ్మకు బో తక్కువుండాదే. నలభై మూడు."

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. కొంచెంసేపటికి షమీమ్ బయటికొచ్చి, నా ముఖం చూసి, గ్లాసులో నీళ్ళు తెచ్చిచ్చింది. మరోసారి పెట్టమన్నాను. పెట్టింది. 47 వచ్చింది.

ఆ మర్నాడు డాక్టరు గారి గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. సీసాలు మరిచిపోయింది, చూడకుండా రాసింది, అన్నీ. కసి సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన మా జిల్లా మనిషే, నెమ్మదిగా మాట్లాడతాడు. రిజిస్టర్ ఒక చేత్తో, నా ఫోన్ ఒక చేత్తో పట్టుకొని, ఒక్కో అంకె పోల్చి చూశాడు.

"ఏమ్మా, రెండూ ఒకటే ఉండాయి కదా. యాడుంది తప్పు?"

"అది మొదట నేను ఊరికే రాసింది సార్."

"ఊరికే రాస్తే ఇట్లా వస్తాదా? నువ్వే చెప్పు. ఆ పొద్దు టెస్టు చేసే రాసింటావు, చేయలేదని ఇప్పుడు అనుకుంటాండావేమో. నిద్ర పోయి ఎన్ని దినాలైంది?"

నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. చెడిన రీడింగులు నేనే చెరిపాను, మిగతావి ఇంజనీరు తుడిచాడు, సీసాలు సింకులో కడిగేశాను. తప్పు ఒప్పుకోవడానికి కూడా సాక్ష్యం కావాలని అప్పుడు తెలిసింది. ఆయన నాకు నాలుగు రోజులు సెలవిచ్చాడు. ఈ మాట బయట ఎవరితో అనొద్దన్నాడు. అయితే నేను తిరిగొచ్చేసరికి ఫ్రిజ్‌కు ఒక పుస్తకం వేలాడదీసి ఉంది. ప్రతి సాయంత్రం మందు లోపల ఉందని చూసి ఆయనే సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. నమ్మాడో లేదో నాకిప్పటికీ తెలియదు. నా ఉద్యోగం పొడిగించారు.

హనుమక్క కోలుకుంది. ఆరు నెలలు క్షయ మందులు వాడింది. ప్రతి నెలా వచ్చినప్పుడు నేను ఏదో పని పెట్టుకొని లోపలి గదిలోకి వెళ్ళేదాన్ని. కానీ శెనక్కాయల కాలంలో ఒకరోజు తప్పించుకోలేకపోయాను. ఆ ఏడు వాన సరిగా పడలేదు, పంట పెద్దగా లేదు. అయినా ఒక గుడ్డసంచిలో గట్టి కాయలు ఏరి తెచ్చింది. వరండాలో నలుగురి ముందూ నా చెయ్యి పట్టుకుంది.

"ఈ యమ్మను ఆ పొద్దు నోటికొచ్చినట్ల తిట్టినా. ఈ యమ్మే నా రోగం పట్టింది. ఇంగో రెన్నెళ్ళు పోయింటే నన్ను మట్టిలో పెడ్తాండ్రి అని డాక్టరు చెప్పినాడు. తీసుకో తల్లీ, నీకని ఏరి తెచ్చినా."

వరండాలో కూర్చున్నవాళ్ళు నన్ను ఎంతో గౌరవంగా చూశారు. ఆ చూపులు నా ఒంటిమీద ఉమ్మినట్టున్నాయి. ఇంక ఓర్చుకోలేక ఆమెను వెనకవైపు నీళ్ళ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళి చెప్పేశాను. ఈసారి కసి సంగతి కూడా చెప్పాను. అక్కా, నీ రక్తం నేను పరీక్ష చేయలేదు, నన్ను తిట్టినావని నీకు చెడ్డ సంఖ్య వేసినాను అన్నాను.

ఆమె రెండుసార్లు చెప్పించుకుంది.

"మరి అది నిజమెట్లా అయింది?"

"తెలీదక్కా."

"నువ్వు రాసినందుకే నాకొచ్చిందా?"

"కాదక్కా. ఆ గడ్డలు చాన్నాళ్ళ నుంచి ఉన్నాయని డాక్టరు చెప్పినాడు" అన్నాను. అది నిజం. నేను రాయకముందే ఆ జబ్బు ఆమెలో ఉంది. ఈ ఒక్కమాట పట్టుకొనే నేను నిద్రపోగలుగుతున్నాను.

ఆమె సంచి ముడి విప్పుతూ అడిగింది. "ఆ పొద్దు నేను నిన్ను తిట్టకుండా ఉంటే ఎంత రాసుందువు?"

"ఐదొందలో, ఆరొందలో."

"అప్పుడు డాక్టరు నన్ను పిలిచుండడు."

"పిలిచుండడక్కా."

నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. చేతిలోని సంచి మూతి మళ్ళీ ముడి వేసింది. "నువ్వు ఇది నాకు చెప్పకుండా ఉంటే బాగుండు" అంది. లోపలికి వెళ్ళి ఆ సంచిని షమీమ్ బల్ల మీద పెట్టి బస్సుకు వెళ్ళిపోయింది. సాయంత్రం షమీమ్ ఆ కాయలు ఉడకబెట్టి తెచ్చి అందరికీ పంచింది. నాకూ గుప్పెడు ఇచ్చింది. నేను తినలేదు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. హనుమక్క ఇప్పటికీ వస్తుంది. నాకు చెయ్యి చాపదు, షమీమ్ దగ్గరే రక్తం ఇస్తుంది. కానీ ట్యూబు చివరికి నా యంత్రం దగ్గరికే రావాలి. ఇప్పుడు ఆమె సంఖ్య నాలుగువందలు దాటింది. ఇంతవరకు పెరుగుతూనే ఉంది.

తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒకరు కాకతాళీయం అన్నారు. పది సంఖ్యలు వరసగా, అందులో ఒకటి తిరగేసి రాసింది, ఒకటి నాకు తెలియకుండా వేరే మనిషి చేసింది, అన్నీ మొదటిసారికే తగలడం కాకతాళీయమైతే, నాకు ఆ మాటకు అర్థం తెలియదు. ఇంకొకరు నీ చేత దేవుడే రాయించాడు అన్నారు. అది అసలు ఒప్పుకోను. దేవుడు రాయించాడంటే నా కసికి కూడా ఆయనే కారణమవుతాడు, నేను తేలిగ్గా బయటపడిపోతాను. ఆ సాయంత్రం పెన్ను పట్టుకుంది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకొని నడిపించలేదు. నాకు ఏమీ వినబడలేదు, ఏమీ కనబడలేదు. ఇంటికి పోవాలన్న తొందర తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు ప్రతి శాంపిల్‌నూ రెండుసార్లు పెడతాను. యంత్రం లెక్కపెడుతున్నంతసేపు తెర వైపు చూడను. ఆ కొన్ని నిమిషాలు నా మనసులోకి ఏ అంకె రాకూడదు. అందుకని కళ్ళు మూసుకొని, అనంతపురం నుంచి మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయే బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో ఆ ఊళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటాను. షమీమ్ దాన్ని ప్రార్థన అనుకుంటోంది. ఒక్కోసారి ఊళ్ళు అయిపోతాయి, యంత్రం ఇంకా ఆగదు. మళ్ళీ మొదటి ఊరు నుంచి మొదలుపెడతాను.